ఆర్‌టీపీ ప్రసారాల్లో నిశ్శబ్ద విరామాలు: కీప్‌అలైవ్ విధానాల పరిశీలన

వ్యాస సంగ్రహం

అంతర్జాలంలో శబ్ద, దృశ్య ప్రవాహాలను తక్షణం చేరవేసే ఆర్‌టీపీ ప్రోటోకాల్‌కు నిశ్శబ్దం సహజమైన స్థితి. ఆ ప్రవాహాల దారిలో ఉండే చిరునామా మార్పిడి యంత్రాలకు మాత్రం నిశ్శబ్దమంటే సంబంధం తెగిపోవడమే. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించడానికి పంపే చిన్న ప్యాకెట్లే కీప్‌అలైవ్‌లు. ప్రోటోకాల్‌కు ముందే ఉన్న నియంత్రణ సందేశాలను ఇందుకు వాడుకోవడమే మేలని 2011లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6263 నిర్ణయించింది. ఆ నిర్ణయానికి దారితీసిన కారణాలను, పెద్ద బృందాల విషయంలో దానికి ఎదురయ్యే పరిమితిని, దారి తెరచి ఉంచడానికీ అవతలివారి అనుమతి పొందడానికీ ఉన్న తేడాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆర్‌టీపీ, ఆర్‌టీసీపీ, నాట్, కీప్‌అలైవ్, స్టన్, వెబ్‌ఆర్‌టీసీ

ఉపోద్ఘాతం

అంతర్జాల సదస్సులు కళాశాలలకు, విశ్వవిద్యాలయ శాఖలకు ఇప్పుడు నిత్య వ్యవహారం. అటువంటి సదస్సులో వక్త ఒక్కరే మాట్లాడతారు. మిగిలినవారు మైకు, కెమెరా ఆపుకొని వింటారు. శ్రోత వైపు నుంచి శబ్దం గాని దృశ్యం గాని బయటికి పోదు. సభలో అది మర్యాద. కానీ శ్రోత ఇంట్లోని రూటరుకు, మొబైల్ సంస్థ దగ్గర ఉన్న చిరునామా మార్పిడి యంత్రానికి, మనిషి శ్రద్ధగా వింటున్నాడా లేక లేచి వెళ్ళిపోయాడా అన్న భేదం తెలియదు. ప్యాకెట్ వెళ్ళిందా లేదా అన్నది ఒక్కటే దానికి తెలుసు. కొంతకాలం పాటు ఏమీ వెళ్ళకపోతే ఆ సంభాషణ ముగిసిందని తీర్మానించి, దాని జాడను తన పట్టికలోంచి తుడిచేస్తుంది. ఆ తర్వాత వక్త మాటలు శ్రోత ఇంటి గడప దాకా వచ్చి, లోపల ఎవరికివ్వాలో తెలియక అక్కడే రాలిపోతాయి.

వాడుకలో ఉన్న సదస్సు సాఫ్ట్‌వేర్లలో ఇలా జరగడం అరుదు. కారణం, అవి ఈ సమస్యను లోలోపలే పరిష్కరించుకుంటున్నాయి. ఆ పరిష్కారం కంటికి కనిపించదు కనుక దానిపై చర్చ కూడా తక్కువ. నెట్‌వర్కుల బోధనలో ఆర్‌టీపీ శీర్షిక నిర్మాణానికి దక్కేంత చోటు, ప్రవాహం ఆగినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు సాధారణంగా దక్కదు.

ఆర్‌టీపీ అంటే రియల్‌టైమ్ ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్. దీని మొదటి ప్రమాణం 1996 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1889గా వెలువడింది. సవరించిన రూపం 2003 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 3550గా వచ్చింది. హెన్నింగ్ షుల్జ్‌రిన్నె, స్టీఫెన్ కాస్నర్, రాన్ ఫ్రెడరిక్, వాన్ జేకబ్‌సన్ దీని రచయితలు. ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు, లేదా ఒక చోటి నుంచి ఒక బృందం మొత్తానికి, ప్యాకెట్లు నేరుగా చేరతాయన్న భావన మీద ఈ ప్రోటోకాల్ నిర్మాణం జరిగింది. మధ్యలో చిరునామాలు మార్చే యంత్రం ఒకటి కూర్చుని లెక్కలు రాసుకుంటుందన్న ఆలోచన దాని పునాదిలో లేదు.

పట్టిక, గడువు

నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, క్లుప్తంగా నాట్, 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631 ద్వారా పరిచయమైంది. నాలుగో తరం ఐపీ చిరునామాలు 32 బిట్లవి. అంటే మొత్తం 429 కోట్లకు పైచిలుకు. అవి చాలవని అప్పటికే అర్థమైంది. చిరునామాలను తిరిగి వాడుకునే ఈ ఉపాయాన్ని ఆ పత్రమే తాత్కాలిక పరిష్కారమని చెప్పుకుంది. తాత్కాలికమన్నది ముప్పయ్యేళ్ళు దాటినా స్థిరంగా ఉంది. పైగా 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598, సేవాసంస్థలు తమ స్థాయిలో మరొక నాట్ నడుపుకోవడానికి ప్రత్యేకమైన చిరునామాల శ్రేణిని కేటాయించింది. అటువంటి సంస్థ చందాదారు ప్యాకెట్ ఇంట్లో ఒకసారి, సంస్థలో మరొకసారి వేషం మార్చుకొని బయటికి వెళ్తుంది. రెండు యంత్రాలు, రెండు పట్టికలు, రెండు గడువులు. వాటిలో ఏది తక్కువైతే అదే అసలు గడువు.

నాట్ పని ఇలా సాగుతుంది. లోపలి కంప్యూటరు ఒక యూడీపీ ప్యాకెట్‌ను బయటికి పంపగానే, దాని లోపలి చిరునామా, పోర్టు సంఖ్యలకు జతగా ఒక బయటి చిరునామాను, పోర్టును కేటాయించి నాట్ పట్టికలో నమోదు చేస్తుంది. బయటినుంచి జవాబు వచ్చినప్పుడు ఆ నమోదును చూసి లోపలికి పంపుతుంది. నమోదు లేకపోతే దారి లేదు. టీసీపీ సంబంధానికి స్పష్టమైన ఆరంభం, స్పష్టమైన ముగింపు ఉంటాయి కనుక నమోదును ఎప్పుడు తీసేయాలో నాట్‌కు చాలావరకు తెలుస్తుంది. యూడీపీకి అటువంటివి లేవు. అందుకని గడియారమే దిక్కు.

ఆ గడువు ఎంత ఉండాలి? 2007 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4787 యూడీపీ నమోదును రెండు నిమిషాలకు ముందు తొలగించరాదని, ఐదు నిమిషాలు గాని అంతకు మించి గాని ఉంచడం మంచిదని చెప్పింది. ఆచరణ వేరు. లినక్స్ కెర్నల్‌లో సంబంధాల జాడను ఉంచే విభాగం, ఒకే వైపు ప్యాకెట్లు కనిపించిన యూడీపీ ప్రవాహానికి 30 సెకన్ల గడువును మాత్రమే సహజస్థితిగా పెట్టుకుంది. రెండు వైపులా రాకపోకలు సాగాకే అది 120 సెకన్లకు పెరుగుతుంది. చాలా ఇళ్ళ రూటర్లలో లోపల నడిచేది లినక్సే. 2021 మేలో క్విక్ ప్రోటోకాల్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 9000 కూడా ఈ సంగతిని దాచలేదు. కాగితం మీద రెండు నిమిషాలున్నా, అధికభాగం మధ్యవర్తి యంత్రాలు జాడ పోగొట్టుకోకుండా ఉండాలంటే ప్రతి 30 సెకన్లకూ ఏదో ఒకటి పంపవలసి ఉంటుందని అనుభవం చెబుతోందని అది పేర్కొంది.

ఎవరి ప్యాకెట్ లెక్కకు వస్తుంది?

నిశ్శబ్దంగా వింటున్న శ్రోత విషయంలో ఒక సందేహం కలగడం న్యాయమే. అతడు ఏమీ పంపకపోయినా, వక్త శబ్దం ఎడతెరిపి లేకుండా లోపలికి వస్తూనే ఉంది కదా, అప్పుడు నమోదు ఎందుకు చెరిగిపోతుంది?

దీనికి జవాబు ఆర్‌ఎఫ్‌సీ 4787లోనే ఉంది. లోపలినుంచి బయటికి వెళ్ళే ప్యాకెట్ గడువును తప్పనిసరిగా మొదటికి తీసుకురావాలని అది శాసించింది. బయటినుంచి లోపలికి వచ్చే ప్యాకెట్ ఆ పని చేయవచ్చు, చేయకపోనూవచ్చు. ఈ పక్షపాతానికి భద్రతాపరమైన కారణం ఉంది. బయటి ప్యాకెట్లు కూడా గడువును పొడిగిస్తే, లోపలివారు ఎప్పుడో వదిలేసిన దారిని బయటి దుండగుడు తన ప్యాకెట్లతో ఎంతకాలమైనా తెరచి ఉంచగలడు. అదే పనిని అనేక పోర్టులతో చేస్తే, కాలక్రమంలో నాట్ దగ్గరున్న పోర్టులన్నీ అతడి చేతిలోకి పోతాయి. లినక్స్ అమలులో ఏ వైపు ప్యాకెట్ వచ్చినా గడువు పొడిగుతుంది. ప్రమాణాన్ని పాటిస్తూనే అలా పొడిగించని యంత్రాలు ఉండవచ్చు. రెండూ నియమబద్ధమే.

కాబట్టి ఆర్‌టీపీని అమలు చేసేవారు కఠినమైన యంత్రాన్నే దృష్టిలో పెట్టుకోవాలి. వరదలా శబ్దం లోపలికి వస్తున్నప్పటికీ, ఉలుకూ పలుకూ లేని శ్రోతకు రెండు నిమిషాల్లో దారి మూసుకుపోయే అవకాశం ఉంది. ఇది ఎవరి పొరపాటూ కాదు. ప్రతి పొరా తన నియమాన్ని తాను పాటించగా వచ్చిన ఫలితం ఇది.

శ్రోత ఒక్కడే కాదు, మరికొన్ని సందర్భాలూ ఈ కోవలోకే వస్తాయి. టెలిఫోను సంభాషణను హోల్డ్‌లో ఉంచినప్పుడు శబ్దప్రవాహం ఒక వైపు గాని రెండు వైపులా గాని ఆగుతుంది. మాటల మధ్య మౌనాన్ని గుర్తించి ఆ కాసేపు ప్యాకెట్లు పంపకుండా మానేసే పద్ధతి బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం పుట్టింది. అలా ఆదా చేసిన మౌనం దీర్ఘమైతే దారే పోతుంది. మధ్యవర్తి సర్వర్లు కొన్ని, తమకు అందిన మొదటి ప్యాకెట్‌ను చూసి, అది వచ్చిన చిరునామాకే తిరిగి పంపుతాయి. అటువంటి చోట వినడానికి మాత్రమే చేరిన వ్యక్తి ముందుగా ఏదో ఒకటి పంపితే తప్ప, తాను ఎక్కడున్నాడో సర్వరుకు తెలియజేసే మార్గమే లేదు.

రెండు పోర్టుల చిక్కు

ఆర్‌టీపీకి ఒక తోడు ప్రోటోకాల్ ఉంది. దాని పేరు ఆర్‌టీసీపీ. ఎన్ని ప్యాకెట్లు అందాయి, ఎన్ని పోయాయి, రాకలో ఎంత హెచ్చుతగ్గు ఉంది అన్న నివేదికలను పాల్గొనేవారంతా దీని ద్వారా క్రమం తప్పకుండా పంపుతారు. తరగతిలో హాజరు పట్టీ వంటిదని చెప్పవచ్చు. మాట్లాడనివాడు కూడా పేరు పిలిచినప్పుడు పలకాలి. ప్రవాహాన్ని నిష్క్రియంగా ప్రకటించినప్పుడు కూడా ఆర్‌టీసీపీ సాగుతూనే ఉండాలని ప్రమాణాల ఉద్దేశం.

శ్రోత ఆర్‌టీసీపీ నివేదికలు పంపుతూనే ఉన్నప్పుడు ఇక సమస్య ఏమిటి? సమస్య పోర్టులలో ఉంది. సంప్రదాయం ప్రకారం ఆర్‌టీపీకి ఒక సరిసంఖ్య పోర్టు, ఆర్‌టీసీపీకి దాని తర్వాతి బేసిసంఖ్య పోర్టు. నాట్ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు నమోదులు. శ్రోత పంపిన నివేదిక నివేదికల దారిని తెరచి ఉంచుతుంది. శబ్దం రావలసిన పక్క దారి మూసుకుపోతుంది. అన్నీ సవ్యంగా ఉన్నాయని హాజరు పట్టీ చెబుతుండగా తరగతి గది తలుపు మూతపడినట్టు.

2010 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5761 ఈ రెంటినీ ఒకే పోర్టు మీద పంపే పద్ధతిని ప్రమాణీకరించింది. పోర్టుల పొదుపు దాని ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. ఒకే పోర్టుకు వచ్చిన ప్యాకెట్లలో ఏది ఆర్‌టీపీ, ఏది ఆర్‌టీసీపీ అని తేల్చడానికి రెండో బైటు చాలు. ఆర్‌టీసీపీలో పంపినవారి నివేదిక రకం 200, అందుకున్నవారి నివేదిక రకం 201. ఆర్‌టీపీలో అదే స్థానంలో ఒక గుర్తు బిట్, ఏడు బిట్ల పేలోడ్ రకం ఉంటాయి. పేలోడ్ రకం 72 అయి, గుర్తు బిట్ కూడా 1 అయితే ఆ బైటు విలువ 200 అవుతుంది. ఈ గందరగోళం రాకుండా, ఒకే పోర్టు వాడేటప్పుడు 64 నుంచి 95 వరకు ఉన్న పేలోడ్ రకాలను విడిచిపెట్టాలన్నది నియమం.

ఆరు మార్గాలు, ఒక ఎంపిక

2011 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6263 ఈ నేపథ్యంలో పుట్టింది. ఫ్రాన్స్ టెలికాంకు చెందిన జేవియర్ మార్జూ, ఆరెలియన్ సొలో దీన్ని రాశారు. పత్రం చిన్నది. ఆచరణలో ఉన్న ఉపాయాలను వరసగా పేర్కొని, వాటి మంచిచెడ్డలు తూచి, ఒకదాన్ని ఎంచి, మిగిలినవి సిఫారసు చేయదగినవి కావని స్పష్టంగా చెప్పింది.

ఏమీ లేని ఖాళీ ప్యాకెట్ పంపడం అన్నిటికంటే సులువైనది. సున్నా బైట్ల యూడీపీ ప్యాకెట్ నాట్ పట్టికను తాజా చేస్తుంది, అవతల అందుకునేవారికి దానిలో చదవడానికేమీ ఉండదు. కానీ అది ఆర్‌టీపీ కాదు. ఆ సెషన్‌కు చెందినదని చెప్పే ఆధారమేదీ దానిలో లేదు.

కంఫర్ట్ నాయిస్ పంపడం రెండోది. టెలిఫోనులో పూర్తి నిశ్శబ్దం వస్తే సంబంధం తెగిందని వినేవారు భ్రమపడతారు కనుక, నేపథ్యంలో సన్నని సడి వినిపించేలా చేయడానికి ఒక పేలోడ్ ఉంది. 2002 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 3389 దాన్ని నిర్వచించింది. దాని రకం సంఖ్య 13. మనిషికి భరోసా ఇవ్వడానికి పుట్టిన సడిని యంత్రానికి భరోసా ఇవ్వడానికి వాడుకోవడం చమత్కారంగానే ఉంది. అయితే అది శబ్దానికే పరిమితం, దృశ్యానికి పనికిరాదు. అవతలివారికి ఆ పేలోడ్ తెలిసి ఉండాలి, ముందుగా ఒప్పందం కుదరాలి. అన్నిటికీ మించి, ఆ సడి అవతల నిజంగా వినిపిస్తుంది. స్థాయి సరిగా ఎంచకపోతే, ఎవరూ మాట్లాడని చోట గాలి హోరు మొదలవుతుంది.

తప్పుడు వెర్షన్ సంఖ్య వేసిన ఆర్‌టీపీ ప్యాకెట్, ఒప్పందంలో లేని పేలోడ్ రకం వేసిన ఆర్‌టీపీ ప్యాకెట్, ఈ రెండూ అవతలివారు పారేస్తారన్న నమ్మకం మీద నడిచేవి. ఆర్‌టీపీ మొదటి రెండు బిట్లలో వెర్షన్ ఉంటుంది. ప్రస్తుత ప్రమాణంలో అది 2. సున్నా వేస్తే చెల్లని ప్యాకెట్ అవుతుంది. ఆ సున్నాకు ఒక చరిత్ర ఉంది. ప్రమాణానికి ముందు వ్యాట్ అనే శబ్ద ఉపకరణం వాడిన రూపానిది ఆ సంఖ్య. పైగా స్టన్ సందేశాల మొదటి రెండు బిట్లు కూడా సున్నాలే. తెలియని పేలోడ్ రకాన్ని పట్టించుకోకూడదని ఆర్‌ఎఫ్‌సీ 3550 చెబుతుంది కనుక రెండో ఉపాయం కాస్త మర్యాదైనది. అయినా దానికి వరస సంఖ్య కేటాయించాలి. అందుకున్నవారు దాన్ని లెక్కలోకి తీసుకునే తీరును బట్టి, పోని ప్యాకెట్ పోయినట్టు నివేదికలో కనిపించే ప్రమాదం లేకపోలేదు. పారేస్తారన్న భరోసాతో చెత్త పంపడాన్ని ప్రమాణంగా నిలబెట్టడం కష్టం. ఎందుకంటే ప్రతి అమలూ ఆ చెత్తను ఒకే తీరుగా పారేయాలి.

స్టన్ బైండింగ్ ఇండికేషన్ మరొకటి. ఇది జవాబు ఆశించని చిన్న సందేశం, కనీసం 20 బైట్లు. పంపేవారికి స్టన్ తెలిసి ఉండాలన్నది దీనికున్న షరతు. ఐస్ అనే పద్ధతిని వాడే వ్యవస్థలలో స్టన్ ఎలాగూ ఉంటుంది. దారిని వెదకడమే దానితో కదా. కనుక ఐస్ ప్రమాణం కీప్‌అలైవ్‌కు దీన్నే ఎంచుకుంది. ఐస్ లేని చోట దీనికోసమే ఒక కొత్త ప్రోటోకాల్‌ను మోయడం అదనపు భారం.

మిగిలింది ఒకే పోర్టు మీద ఆర్‌టీసీపీ. ఆర్‌ఎఫ్‌సీ 6263 సిఫారసు ఇదే. ఈ ఎంపికలోని వివేకం గమనించదగినది. కొత్త ప్యాకెట్ ఏదీ కనిపెట్టలేదు. అర్థంలేని ప్యాకెట్‌ను అర్థంలేదని తెలిసీ పంపే పని లేదు. శ్రోత ఎలాగూ పంపవలసిన నివేదికనే శబ్దం వచ్చే దారిగుండా పంపితే, నాట్‌కు కావలసిన కదలిక, వక్తకు కావలసిన సమాచారం ఒకే ప్యాకెట్‌తో అందుతాయి. దీనికీ షరతులున్నాయి. అవతలివారు ఒకే పోర్టు పద్ధతిని అంగీకరించాలి. నివేదికలు వేరే పోర్టులో వస్తాయని నమ్మి పనిచేసే పర్యవేక్షణ ఉపకరణాలను సరిదిద్దాలి. కీప్‌అలైవ్ ప్యాకెట్, ఆర్‌టీపీ ప్యాకెట్లు వాడే చిరునామా, పోర్టుల జతలనే అచ్చంగా వాడాలని కూడా ఆ పత్రం శాసించింది. వేరే పోర్టునుంచి పంపితే వేరే దారి తెరుచుకుంటుందని పైన చూసినదే.

పదిహేను సెకన్ల లెక్క

ఎంత కాలానికొకసారి పంపాలి? యూడీపీ మీద నడిచే సెషన్ సాగినంతసేపూ, మాధ్యమ ప్యాకెట్ గాని కీప్‌అలైవ్ గాని నిర్ణీత వ్యవధిలో ఒకటి వెళ్ళి తీరాలి. ఆ వ్యవధికి సిఫారసైన కనిష్ఠ విలువ 15 సెకన్లు. అంతకంటే పెంచుకునే వీలుండాలి. టీసీపీ మీదనైతే 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. ఈ సంఖ్య ఊరికే వచ్చింది కాదు. స్థిరపడిన టీసీపీ సంబంధాన్ని నాట్ 2 గంటల 4 నిమిషాలకు ముందు మరచిపోరాదని ఆర్‌ఎఫ్‌సీ 5382 నియమం. గడువుకు నాలుగు నిమిషాల ముందు తలుపు తట్టినట్టన్నమాట.

ఇద్దరి మధ్య సంభాషణలో ఆర్‌టీసీపీ ఈ అవసరాన్ని సునాయాసంగా తీరుస్తుంది. ఆర్‌ఎఫ్‌సీ 3550 ప్రకారం నివేదికల మధ్య కనీస వ్యవధి 5 సెకన్లు. అందరూ ఒకేసారి పంపకుండా ఉండటానికి దాన్ని సగం నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య యాదృచ్ఛికంగా మార్చి, ఆపై 1.21828తో భాగిస్తారు. ఫలితం సుమారు 2.05 నుంచి 6.16 సెకన్ల మధ్య ఉంటుంది. పదిహేను సెకన్ల లోపే, లినక్స్ వారి ముప్పై సెకన్లకూ ఎంతో లోపే.

బృందం పెరిగితే కథ మారుతుంది. నివేదికలకు సెషన్ బ్యాండ్‌విడ్త్‌లో 5 శాతం కేటాయించడం ఆనవాయితీ. మాట్లాడేవారు నాలుగోవంతు లోపు ఉంటే, ఆ 5 శాతంలో ముప్పాతిక శ్రోతలది. 64 కిలోబిట్ల శబ్ద సెషన్‌ను ఉదాహరణగా తీసుకుంటే నివేదికల వాటా సెకనుకు 3.2 కిలోబిట్లు, అందులో శ్రోతలది 2.4 కిలోబిట్లు, అంటే 300 బైట్లు. శీర్షికలతో కలిపి ఒక్కో నివేదిక సగటున 100 బైట్లనుకుంటే, శ్రోతలందరికీ కలిపి సెకనుకు మూడు నివేదికలు. ఒకే సెషన్‌లో 45 మంది శ్రోతలుంటే ఒక్కొక్కరి వంతు 15 సెకన్లకొకసారి. 300 మంది ఉంటే 100 సెకన్లకొకసారి. దానికి యాదృచ్ఛిక మార్పు కలిపితే దాదాపు 41 నుంచి 123 సెకన్లు. కొన్నిసార్లు రెండు నిమిషాల గడువు కూడా దాటిపోతుంది.

మరింత తరచుగా పంపితే సరిపోతుంది కదా అనడానికి వీల్లేదు. ఆర్‌టీసీపీని కీప్‌అలైవ్‌గా వాడినప్పుడు వ్యవధి ఆర్‌ఎఫ్‌సీ 3550 కాలనియమాలకు లోబడే ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 6263 షరతు పెట్టింది. ఆ షరతు సమంజసమైనదే. నివేదికలు శబ్దాన్ని మింగేయకుండా కాపాడేది ఆ నియమాలే. కానీ బృందం పెద్దదైనకొద్దీ మౌనశ్రోత గొంతు పలచబడేలా ఆ నియమాలు రూపొందాయి. సరిగ్గా అదే శ్రోతకు నాట్ గడువు మాత్రం బృందం పరిమాణంతో నిమిత్తం లేకుండా స్థిరంగా ఉంటుంది. ఒకటి జనాభాను బట్టి సాగే కాలం, మరొకటి సాగని కాలం. రెంటినీ ఒకే ప్యాకెట్‌తో తృప్తిపరచాలన్న సూత్రానికి ఇక్కడ హద్దు కనిపిస్తుంది. ఆచరణలో పెద్ద సదస్సులు కేంద్ర సర్వరు ద్వారా నడుస్తాయి. సర్వరు ప్రతి శ్రోతతోనూ విడిగా లెక్క నడిపితే అది మళ్ళీ ఇద్దరి సంభాషణే అవుతుంది, చిక్కు తొలగుతుంది. శ్రోతలందరినీ ఒకే సెషన్‌గా లెక్కించే రూపకల్పనలో మాత్రం నివేదికల వాటా పెంచడమో, స్టన్‌ను తోడు తెచ్చుకోవడమో తప్పదు.

మరొక ఆపద నిశ్శబ్దంగా వస్తుంది. 2003 జులైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3556 ద్వారా నివేదికల బ్యాండ్‌విడ్త్‌ను సున్నాగా ప్రకటించవచ్చు. పొదుపు పేరుతో అలా ఆపేసిన చోట, దానిపై ఆధారపడిన కీప్‌అలైవ్ కూడా చెప్పకుండానే ఆగిపోతుంది. ఆపినవారికి నివేదికలు ఆపామనే తెలుసు, దారి మూశామని తెలియదు.

తెరచిన దారి వేరు, ఇచ్చిన అనుమతి వేరు

కీప్‌అలైవ్ ఒక దిక్కు వ్యవహారం. స్టన్ బైండింగ్ ఇండికేషన్‌కు జవాబు రాదు. నాట్ దగ్గర తన నమోదు నిలిచిందో లేదో పంపినవారికి దానివల్ల తెలియదు. అవతల ఇంకా ఎవరైనా ఉన్నారో లేదో అసలే తెలియదు. శ్రోత ల్యాప్‌టాప్ మూసి వెళ్ళిపోయాడనుకుందాం. అతడి నమోదు కాలం చెల్లింది. అదే బయటి పోర్టు మరొక చందాదారుకు కేటాయింపయింది. వక్త వైపు నుంచి ప్రవాహం ఆగకపోతే, ఆ ప్యాకెట్లు సంబంధం లేని మనిషి గడపకు చేరతాయి. బ్రౌజరులోంచే శబ్ద, దృశ్య ప్రసారానికి వీలు కల్పించే వెబ్‌ఆర్‌టీసీ వచ్చాక ఈ భయం పెరిగింది. ఒక వెబ్‌పేజీ తన సందర్శకుల బ్రౌజర్లన్నిటినీ ఎవరో అమాయకుడి చిరునామా మీదికి ఉసిగొల్పితే ఆపేదెవరు?

2015 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7675 దీనికి విరుగుడు. జవాబు ఆశించని ఇండికేషన్‌కు బదులు, జవాబు తప్పనిసరైన స్టన్ అభ్యర్థనను 5 సెకన్లకొకసారి పంపాలి. ఆ 5 సెకన్లను 0.8 నుంచి 1.2 రెట్ల మధ్య మారుస్తారు, అంటే 4 నుంచి 6 సెకన్లు. జవాబు, సెషన్ ఆరంభంలో ఇచ్చిపుచ్చుకున్న సంకేతపదంతో ధ్రువీకరించినదై ఉండాలి. చెల్లుబాటయ్యే జవాబు 30 సెకన్లపాటు రాకపోతే అనుమతి రద్దయినట్టే, ప్రసారం ఆపేయాలి. మౌనం అర్ధాంగీకారమన్న లోకోక్తి ఇక్కడ చెల్లదు. ఈ ఒప్పందంలో మౌనమంటే నిరాకరణే.

ఈ అభ్యర్థనలు నాట్ నమోదును కూడా తాజా చేస్తాయి కనుక, ఇవి నడుస్తున్నంతసేపు విడిగా కీప్‌అలైవ్ అక్కర్లేదు. అందువల్ల ఆధునిక బ్రౌజరు సదస్సులలో ఆర్‌టీసీపీ నివేదిక, స్టన్ అభ్యర్థన, శబ్దం, గూఢలిపి చర్చలు అన్నీ ఒకే పోర్టులో ప్రయాణిస్తాయి. మొదటి బైటు విలువ 0 నుంచి 3 అయితే స్టన్, 20 నుంచి 63 అయితే డీటీఎల్ఎస్, 128 నుంచి 191 అయితే ఆర్‌టీపీ లేదా ఆర్‌టీసీపీ అని ఆర్‌ఎఫ్‌సీ 7983 విడదీసింది. ఆర్‌టీపీ వెర్షన్ సంఖ్య 2 కావడం వల్లనే దాని మొదటి బైటు 128 నుంచి మొదలవుతుంది. తప్పుడు వెర్షన్ వేసి పంపే పాత ఉపాయం ఈ ఏర్పాటులో ఇమడదు. వెర్షన్ సున్నా వేసిన ప్యాకెట్ స్టన్ ఇంటి తలుపు తడుతుంది.

ఖర్చు ఎక్కడ?

పదిహేను సెకన్లకొకటి చొప్పున రోజుకు 5,760 ప్యాకెట్లు. ఐపీ, యూడీపీ శీర్షికలతో కలిపి 48 బైట్ల స్టన్ ఇండికేషన్ అయితే మొత్తం 2,76,480 బైట్లు, ఒక మోస్తరు ఛాయాచిత్రమంత. డేటా లెక్కలో ఇది ఏ మూలకూ రాదు. కానీ మొబైల్ ఫోనులో ఖర్చు బైట్లకు కాదు, మేల్కొనడానికి. నిద్రలో ఉన్న రేడియో ఒక్క చిన్న ప్యాకెట్ కోసం లేచి, పంపి, మళ్ళీ నిద్రలోకి జారే ముందు కొంతసేపు పూర్తి శక్తితో ఎదురుచూస్తుంది. 48 బైట్లకైనా 4,800 బైట్లకైనా ఆ ఎదురుచూపు ఒకటే. 2017 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8085, యూడీపీ వాడే అనువర్తనాలు కీప్‌అలైవ్‌లను తేలిగ్గా తీసుకోరాదని, అవసరమైనా 15 సెకన్లకంటే తరచుగా పంపరాదని హెచ్చరించడంలో ఔచిత్యం ఇదే. శబ్దం వస్తూనే ఉన్న శ్రోత ఫోనులో రేడియో ఎలాగూ మెలకువగా ఉంటుంది కనుక అదనపు భారం స్వల్పం. హోల్డ్‌లో ఉన్న సంభాషణలో, రెండు వైపులా ఏమీ సాగని చోట, ఆ భారం నిజంగా తెలుస్తుంది.

ఆరో తరం ఐపీ వస్తే నాట్ పోతుంది, ఈ బాధా పోతుందన్న ఆశ సగమే నిజం. చిరునామా మార్పిడి అక్కర్లేకపోయినా, ఇంటి ముంగిట ఫైర్‌వాల్ ఉంటుంది. లోపలివారు ముందుగా పలకరించిన వారినే లోపలికి రానివ్వడం దాని పని. అందుకు అదీ పట్టిక రాసుకుంటుంది, గడువు పెట్టుకుంటుంది. ఇళ్ళలోని ఐపీవీ6 యంత్రాలకు మార్గదర్శకమైన ఆర్‌ఎఫ్‌సీ 6092, సాధారణ పోర్టుల మధ్య సాగే యూడీపీ ప్రవాహాన్ని రెండు నిమిషాలకు ముందు మరచిపోరాదని చెప్పింది. సంఖ్య కూడా మారలేదు.

అడగకుండా తలుపు తడుతూ ఉండే బదులు, ఇంతకాలం తెరచి ఉంచమని యంత్రాన్నే అడిగే మార్గం ఒకటుంది. 2013 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6887గా వెలువడిన పోర్ట్ కంట్రోల్ ప్రోటోకాల్ ద్వారా లోపలి కంప్యూటరు ఒక నమోదును, దాని ఆయుర్దాయాన్ని స్పష్టంగా కోరవచ్చు. యంత్రం తాను ఒప్పుకున్న కాలాన్ని జవాబులో తెలుపుతుంది. అప్పుడు ఊహించి పదిహేను సెకన్లకొకసారి పంపే అవసరం తప్పుతుంది. దారిలో ఉన్న ఇంటి రూటరు, సంస్థ యంత్రం రెండూ ఆ భాష మాట్లాడితేనే ఇది సాధ్యం. ఏ ఒక్కటి మాట్లాడకపోయినా శ్రోత ఫోను మళ్ళీ పదిహేను సెకన్ల గడియారానికే తిరిగి రావాలి.